పిల్లి మూర్ఛకు ఫెనోబార్బిటాలా, లెవెటిరాసెటమా?

పెంపుడు పిల్లికి మూర్ఛవ్యాధి అని తేలాక పశువైద్యులు ఎక్కువగా సూచించే మందులు రెండు. వాటిలో ఫెనోబార్బిటాల్ పాతది, చవకైనది, పిల్లుల విషయంలో ఎక్కువ అనుభవం ఉన్నది. 12 గంటలకోసారి వేస్తే సరిపోతుంది. మొదట్లో పిల్లి మగతగా ఉండవచ్చు, తూలుతూ నడవవచ్చు, ఆకలి పెరిగి బరువెక్కవచ్చు. మొదలుపెట్టిన సుమారు 2 వారాలకు రక్తంలో మందు ఏ మేరకు ఉందో పరీక్షించాలి, ఆ తర్వాత కూడా అడపాదడపా రక్తపరీక్షలు తప్పవు.

లెవెటిరాసెటమ్ చాలా పిల్లుల ఒంటికి సులువుగా పడుతుంది. అది ప్రధానంగా మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది కనుక కాలేయం బాగాలేని పిల్లికి అనువైనది, మూత్రపిండాలు దెబ్బతిన్న పిల్లికి మాత్రం మోతాదు తగ్గించవలసి ఉంటుంది. అసలు చిక్కంతా వేళలతోనే, ఎందుకంటే మామూలు మాత్రను 8 గంటలకోసారి వేయాలి. మాత్ర కనబడగానే మంచం కిందికి దూరే పిల్లిని రోజుకు మూడుసార్లు పట్టుకొని నోరు తెరిపించడం, అందరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, నెలల తరబడి సాగదు. అందుకే మామూలుగా నా మొగ్గు ఫెనోబార్బిటాల్ వైపే. అయితే వయసు మళ్లిన పిల్లికి అల్యూమినియం రేకు నలిగిన చప్పుడుకో, గిన్నెలో చెంచా మోగినప్పుడో ఫిట్స్ వస్తుంటే, లెవెటిరాసెటమే మెరుగ్గా పనిచేస్తుంది.

ఏది వాడినా వైద్యుల మాట లేకుండా ఉన్నపళంగా మానేయకూడదు. మానేస్తే మూర్ఛలు ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. కుక్కలకు ఇచ్చే పొటాషియం బ్రోమైడ్ పిల్లుల ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు కనుక, ఇంట్లో ఉంది కదా అని దాన్ని పిల్లికి వేయవద్దు.