ఫార్వర్డ్ పిల్లల స్కిల్ అసెస్‌మెంట్: కాళ్ల లెక్క బాగుంది, కళ్ల లెక్కే లేదు

విశాఖలో ఐస్ హాకీ తరహా ఆటను పిల్లలు నేర్చుకునేది చక్రాల మీద, సిమెంటు రింకుల్లో. అలాంటి ఇన్‌లైన్ హాకీలో ఫార్వర్డ్‌లను, అంటే ముందు వరుసలో గోల్ కోసం ఆడేవాళ్లను, గంటన్నర పాటు పరీక్షించి, వీడియోతో పాటు నాలుగు పేజీల రిపోర్టు ఇచ్చే సర్వీసు ఇది. చివరి పేజీలో ‘ఐస్ హాకీకి పనికొస్తాడా’ అనే గడి ఉంటుంది. తల్లిదండ్రులు డబ్బు కట్టేది ఎక్కువగా దానికోసమే. రిపోర్టు మొత్తంలో నమ్మకూడనిదీ అదే.

స్కేటింగ్ పరీక్ష మాత్రం నిజంగా బాగా చేస్తారు. పక్ (బంతికి బదులు వాడే చదునైన గుండ్రటి బిళ్ల) లేకుండా ఎనిమిది అంకె ఆకారంలో ఒక రౌండు, పక్‌తో మరో రౌండు. విడివిడి టైముల కంటే రెండింటి మధ్య తేడానే ముఖ్యం. పక్ తగలగానే బాగా నెమ్మదించే పిల్లాడికి కాళ్లలో లోపం ఉండదు, తల కిందికి దించేస్తున్నాడని అర్థం. కుడి, ఎడమ క్రాసోవర్లకు (మలుపులో ఒక కాలిని మరో కాలి మీదుగా వేయడం) వేర్వేరుగా మార్కులు వేయడం ఇంకా మంచి పని. మన దగ్గర చాలామంది స్పీడ్ స్కేటింగ్ నుంచి హాకీకి వస్తారు. ఆ పందెం ఎప్పుడూ ఎడమవైపే తిరుగుతుంది కాబట్టి వాళ్లకు కుడి మలుపు సరిగా పడదు.

షాట్ దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పింది. పది షాట్లు కొట్టించి రాడార్ గన్‌తో వేగం రాస్తారు, స్టిక్ మాత్రం చూడరు. ఫ్లెక్స్ అంకె అంటే కర్ర ఒక అంగుళం వంగడానికి పట్టే బలం, పౌండ్లలో. పిల్లాడి బరువులో సగం దగ్గర ఉండాలన్నది వాడుక లెక్క. 38 కిలోలంటే సుమారు 84 పౌండ్లు, అంటే 40-45 ఫ్లెక్స్ సరిపోతుంది. అన్నయ్య వాడి వదిలేసిన 75 ఫ్లెక్స్ కర్ర ఇస్తే అది వంగదు, షాట్ లేవదు. రిపోర్టులో ‘మణికట్టు బలహీనం’ అని వస్తుంది. పాపం, మణికట్టుకు ఏమీ కాలేదు!

నేల సంగతీ అంతే. గరుకు సిమెంటు మీద పక్ అంచు మీద లేచి దొర్లుతుంది. అలా జారిపోయినవి కూడా ‘కంట్రోల్ లోపం’ ఖాతాలోకే పోతున్నాయి. తెల్లవారుజామున సముద్రపు తేమకు నేల చెమ్మగా ఉంటుంది, చక్రాలు జారతాయి. ఏడున్నర దాటాక స్లాట్ అడగండి. ఉప్పుగాలికి బేరింగులు ఇట్టే తుప్పు పడతాయి, ముందురోజు తుడిచి చుక్క నూనె వేయండి.

అసలు వెలితి మరోటి. ఫార్వర్డ్ విలువ తెలిసేది పక్ అందక ముందు. పాస్ వస్తుండగా భుజం మీదుగా వెనక్కి ఒక చూపు చూశాడా? డిఫెండర్ ఏ పక్క నుంచి వస్తున్నాడో తెలిసినవాడు పక్‌ను రెండో పక్కకు తీసుకుంటాడు. చూడనివాడు నేరుగా వాడి ఒళ్లోకే వెళ్తాడు. వీడియో చేతిలో ఉంది కదా, పది పాస్‌లలో ఎన్నిసార్లు తల తిప్పాడో ఇంట్లోనే లెక్కపెట్టండి. పక్ పోగానే వెంటనే వెనక్కి పరుగు తీశాడా, చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడా అన్నదీ చూడండి. రిపోర్టులో ఈ రెండింటికీ గడే లేదు.

పుట్టిన నెల అడగకపోవడం ఇంకో పొరపాటు. కెనడా జూనియర్ హాకీలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా ఎంపికవుతారని ఎప్పటినుంచో తెలిసిన విషయం. పన్నెండేళ్లప్పుడు పది నెలల తేడా అంటే చిన్నదేమీ కాదు. డిసెంబరు పిల్లాడికి వచ్చిన 6 మార్కులు, జనవరి పిల్లాడికి వచ్చిన 6 మార్కులు ఒకటి కావు.

ఇక ఆ ఐస్ గడి. మంచు మీద రెండు బ్లేడ్లూ అడ్డంగా తిప్పి గీరుతూ ఠక్కున ఆగుతారు. సిమెంటు మీద చక్రాలు అలా జారవు కాబట్టి పిల్లలు కాలు ఈడ్చో, గుండ్రంగా తిరిగో ఆగుతారు. ఇన్‌లైన్‌లో గోలీ కాక నలుగురే, బ్లూ లైన్ ఆఫ్‌సైడ్ (పక్ కంటే ముందే ఆ గీత దాటి ఎదుటి జట్టు వైపు వెళ్లకూడదన్న నియమం) ఉండదు. ఐస్ మీద ఐదుగురు, ఆఫ్‌సైడ్ ఉంటుంది. ఆగడం, లైన్ దగ్గర వేగం అదుపు చేసుకోవడం రెండూ చూడకుండా వేసిన మార్కు అది. లేహ్‌లో ఆడించి చూద్దామనుకుంటే అక్కడి ఎత్తు 3,500 మీటర్లు. వెళ్లగానే ఆయాసపడితే దాన్ని స్టామినా లోపం అనుకోకండి, గాలికి అలవాటు పడనివ్వండి.

ఒక్కసారికైతే డబ్బు దండగ కాదు. ఆరు నెలలయ్యాక మళ్లీ చేయిస్తే అవే చక్రాలు, అదే పూట ఉండేలా చూసుకోండి. స్టిక్ మార్చి ఉంటే ఆ మాట రిపోర్టులో రాయించండి, లేకపోతే పెరిగిన షాట్ వేగం పిల్లాడిదో కర్రదో తేలదు.