లైన్ రాని తోటలో మోటారుకి బ్యాటరీలా, నేరుగా సోలారా?

మన నెల్లూరు జిల్లాలో పొదలకూరు, ఉదయగిరి వైపు మెట్టలో నిమ్మ, బత్తాయి పెట్టుకున్నవాళ్లకి ఎప్పుడూ ఉండే గొడవే ఇది. కరెంటు లైన్ ఎక్కడో ఉంటుంది, స్తంభాలు వేయించుకోవాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది, మరి నాలుగు బ్యాటరీలు, ఒక ఇన్వర్టర్ పెట్టి బోరు మోటారు తిప్పేస్తే పోలా అంటారు. తిరుగుతుంది. ఎంతసేపు అన్నదే లెక్క.

ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు, కానీ అది మోటారు చేసే పని మాత్రమే. అది లాగేది పదకొండు, పన్నెండు వందల వాట్లు ఉంటుంది, ఇన్వర్టర్ తినేది కూడా కలిపితే గంటకి ఒకటింబావు యూనిట్ పైమాటే. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబ్యులర్ బ్యాటరీలు, అంటే లెడ్ యాసిడ్ రకంవి, నాలుగు కలిస్తే కాగితం మీద 7.2 యూనిట్లు. సగానికి మించి దించితే త్వరగా పోతాయి కాబట్టి చేతికొచ్చేది 3.6, అంత జోరుగా లాగితే అదీ పూర్తిగా రాదు. అంటే మహా అయితే రెండు, రెండున్నర గంటలు. పైగా మన రేకుల షెడ్డులో మే నెల వేడి సంగతి తెలిసిందే కదా, 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకీ లెడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది.

లిథియం బ్యాటరీ మేలే, కాదనను. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం 48 వోల్టుల 100 ఏహెచ్ పెట్టె ఒకటి 5 యూనిట్లు, అందులో నాలుగున్నర దాకా వాడుకోవచ్చు, డిస్టిల్డ్ వాటర్ గోల ఉండదు, చార్జింగ్‌లో నష్టం తక్కువ, ట్యూబ్యులర్ కన్నా రెట్టింపు పైనే సార్లు ఎక్కించి దించొచ్చు. కానీ మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది చూడండి, అక్కడ బ్యాటరీని కాపాడటానికి లోపల ఉండే బీఎంఎస్ సర్క్యూట్ టప్‌మని కట్ చేసేస్తుంది, లేదా ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అంటుంది. ఒక హెచ్‌పీకి ఒక కేవీఏ ఇన్వర్టర్ చాలని అమ్మేవాడు చెబితే నమ్మకండి. కొత్తగా కొనేవాళ్లు త్రీ ఫేజ్ మోటారు తీసుకుని వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవ్) పెట్టుకుంటే మెల్లగా వేగం అందుకుంటుంది, ఈ తలనొప్పే ఉండదు. కెపాసిటర్ ఉన్న సింగిల్ ఫేజ్ మోటారుకి ఆ సుఖం లేదు.

నా ఓటు మాత్రం బ్యాటరీ లేకుండా ప్యానెళ్ల నుంచి కంట్రోలర్ ద్వారా నేరుగా మోటారుకి, నీళ్లు ట్యాంకులోకి. పొద్దున ఎనిమిదిన్నరకి పైపులోంచి ఉమ్మినట్టు వస్తాయి, పదకొండు అయ్యేసరికి పైపు నిండా దూకుతాయి, నాలుగు దాటాక మళ్లీ సన్నగిల్లుతాయి. 60 మీటర్ల లోతు నుంచి 10,000 లీటర్లు తోడాలంటే పంపు నష్టాలతో కలిపి నాలుగు యూనిట్ల దాకా అవుతుంది. అంటే ఆ నాలుగు ట్యూబ్యులర్లు దాచిపెట్టగలిగినంత పని ఒక్క నీళ్ల ట్యాంకులో ఉంది! దానికి ఆయుష్షు గొడవ లేదు, ఎత్తుమీద కట్టుకుంటే రాత్రి డ్రిప్పు దానంతటదే నడుస్తుంది. మూడు హెచ్‌పీకి సుమారు 3000 వాట్ల ప్యానెళ్లు కావాలి. లైన్ లేని చోట 7.5 హెచ్‌పీ దాకా సోలార్ పంపులకి కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం కుసుమ్‌లో సబ్సిడీ ఇచ్చారు, ఇప్పుడు ఉందేమో అడిగి చూడండి. మబ్బు పడితే ఎలా అంటారా? మనకి వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆ ముసురులో చెట్లకి నీళ్లు పెట్టే పనేముంటుంది?

రొయ్యల గుంటల సంగతి వేరు. అల్లూరు, ఇందుకూరుపేట వైపు నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరగాల్సింది రాత్రే, ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే, అప్పుడు ట్యాంకు ఆదుకోదు. రెండు హెచ్‌పీవి నాలుగు ఏరియేటర్లు పది గంటలు తిరిగితే 60 యూనిట్ల పైమాటే, అంటే లిథియం పెట్టెలు డజను దాటాలి. లీటరు డీజిల్‌కి మూడు యూనిట్ల చొప్పున వచ్చినా అక్కడ జనరేటర్ తప్పదు. ఒకటో రెండో పెట్టెలుంటే జనరేటర్ మొరాయించినప్పుడు కాసేపు ఆదుకుంటాయి, అంతవరకే.

ఇక తోటలో బ్యాటరీ దేనికంటే కాపలా గుడిసెలో లైటుకి, ఫ్యానుకి, గొడ్ల తొట్టి నింపే చిన్న డీసీ పంపుకి. అంతకుమించి కొంటే రాత్రిళ్లు అక్కడే పడుకునే మనిషిని కూడా చూసుకోండి, మోటారు కేబులే కోసుకుపోతున్న రోజులు.