రక్తం బాగానే తీశారు, అర్థమయ్యేట్టు చెప్పేవాళ్లేరి?

మాది కావలి దగ్గర పల్లె. ఐదేళ్లుగా మా మామయ్య మెడ ఎడమవైపుకి తిరిగిపోతా ఉంది. రొయ్యల గుంట గట్టు మీద నడుస్తూ గడ్డం కింద రెండు వేళ్లు ఆనిస్తే మెడ నేరుగా వచ్చేస్తుంది, తీస్తే మళ్లీ అంతే. పక్షవాతమని కొందరు, పార్కిన్సన్స్ అని ఇంకొందరు అన్నారు. ఆ వేళ్ల కిటుకు చూడగానే నరాల డాక్టర్ మాత్రం ఇది డిస్టోనియా, అంటే కండరాలు వాటంతటవే బిగుసుకుని మెలితిరిగే జబ్బు అన్నారు. మా అమ్మమ్మకీ తల అదిరేదని తెలిసి జీన్ టెస్ట్ రాశారు. నెల్లూరు పొగతోటలో ఒక కలెక్షన్ సెంటర్లో ఇచ్చాం, పేరు రాయను.

మంచి ముందు చెప్తా. ఒక్క పోటుకే నరం దొరికింది, ఊదా మూత ట్యూబుని మెల్లగా అటూ ఇటూ తిప్పి పెట్టాడు ఆ అబ్బాయి. ఇంట్లో ఎవరికి ఉందో రాసుకునే ఫారం మాత్రం ఒక్క నిమిషంలో ముగించేశాడు, అమ్మమ్మ సంగతి నేనే అంచున ఇరికించి రాశా. 21 రోజులన్న రిపోర్ట్ 38వ రోజుకి వచ్చింది. ఫోన్ చేసినప్పుడల్లా "ప్రాసెస్‌లో ఉంది సార్".

జీఎన్ఏఎల్ అనే జీన్‌లో జబ్బు తెచ్చే మార్పు ఉందని తేలింది. దాంతోపాటు ఒక కరపత్రం పెట్టారు, అందులో పార్కిన్సన్స్, అల్జీమర్స్, ఇది, అన్నీ కలిపి "మెదడు క్షీణించే జబ్బులు" అని ఒకే బొమ్మ కింద వేశారు. అది చదివి మా అత్త రెండు రోజులు అన్నం తినలా.

చివరికి నేనే కూర్చుని చదువుకుని మామయ్యకి ఆయన భాషలో చెప్పా. ఆ జీన్ తయారుచేసేది ఒక జి ప్రోటీన్. జి ప్రోటీన్ అంటే గుంటలో ఏరేటర్ మోటారుకుండే స్టార్టర్ అనుకో మామయ్యా. మెదడులో సంకేతాలు మోసే డోపమైన్ వచ్చి కణం పైనున్న రిసెప్టర్‌ని, అంటే దాన్ని అందుకునే మీటని తాకితే, లోపల ఈ ప్రోటీన్ జీడీపీ అనే చిన్న అణువుని వదిలి జీటీపీ అనే ఇంకోదాన్ని పట్టుకుంటుంది, అంటే ఆన్. అప్పుడు సంకేతాన్ని కణం లోపలికి మోసే సైక్లిక్ ఏఎంపీ తయారవుతుంది, కాసేపటికి ఆ ప్రోటీన్ జీటీపీని తనే తెంచుకుని ఆఫ్ అయిపోతుంది. మెదడులో కదలికల్ని నడిపే స్ట్రయేటం అనే చోట ఈ పని ఎక్కువగా జీఎన్ఏఎల్ తయారుచేసే ప్రోటీనే చూసుకుంటుంది. నీకు ఆ జీన్ రెండు కాపీల్లో ఒకటి పాడైంది, అందుకే సంకేతం బలంగా వెళ్లట్లేదు. పార్కిన్సన్స్‌లో అయితే డోపమైన్ చేసే కణాలే చచ్చిపోతాయి, అంటే లైన్లో కరెంటే రాదు. నీకు కరెంటు ఉంది, స్టార్టరే నీరసం.

ఈ నాలుగు ముక్కలు ఆ కరపత్రంలో ఉంటే మా అత్త అన్నం తినేది.

ఈ ప్రోటీన్‌ని మొదట ముక్కులో, వాసన పట్టే చోట కనుక్కున్నారని, డిస్టోనియాతో సంబంధం 2012 చివర్లోగానీ బయటపడలేదని కూడా చెప్పా. "ఎండుచేపల వాసన బానే తెలస్తందే అల్లుడా" అన్నాడు.

అసలు కోపం కౌన్సెలింగ్ మీద. ఫోన్లో ఏడు నిమిషాలు, సగం ఇంగ్లీషు. పిల్లలకు ఒక్కొక్కరికి యాభై శాతం అవకాశం అని చెప్పి ఊరుకున్నారు. మార్పు వచ్చినవాళ్లలో కొందరికి జీవితాంతం ఏమీ కాదన్న సంగతి మేము అడిగితేగానీ బయటికి రాలేదు. "పిల్లకి సంబంధాలు చూస్తన్నాం, ఈ కాయితం వాళ్లకి చూపించాల్నా?" అని మామయ్య అడిగితే "అది మీ పర్సనల్ డెసిషన్" అన్నారు. అమ్మ ఆయన సొంత అక్క, అంటే అమ్మకీ, తర్వాత నాకూ రావచ్చు, ఆ సంగతి వాళ్లు ఎత్తనే లేదు. నేను టెస్ట్ చేయించుకోవాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు.

ల్యాబ్ పనికి నాలుగు స్టార్లు, మాటకి ఒకటి. మీరు వెళ్తే డబ్బు కట్టకముందే తెలుగులో, ఎదురుగా కూర్చుని చెప్పే మనిషి ఉన్నారా అని అడగండి. మామయ్య మూడు నెలలకోసారి మెడకి బొటాక్స్ (కండరాన్ని సడలించే ఇంజెక్షన్) వేయించుకుంటున్నాడు, టెస్ట్‌కి ముందూ అదే, తర్వాతా అదే. రిపోర్ట్ వచ్చినా వైద్యం మారదని ఆ పద్దెనిమిది వేలు తీసుకునేటప్పుడు ఒక్కరూ చెప్పలా.