సాపేక్షతా సూత్రంపై ఒక ఆన్‌లైన్ కోర్సు: మొదట చక్కని నడక, చివర తడబాటు

స్థిర వేగంతో తిన్నగా కదిలే వారందరికీ భౌతిక నియమాలు ఒకేలా ఉంటాయన్నదే సాపేక్షతా సూత్రం. డబ్బు చెల్లించి చూసిన ఈ కోర్సులో మొదటి సగం చాలా బాగుంది. నిలకడగా సాగే ఓడ లోపలి గదిలో ఏ ప్రయోగం చేసినా ఓడ కదలికను పసిగట్టలేమన్న గెలీలియో వాదన నుంచి, 1887లో శాస్త్రవేత్తలు మైకెల్సన్, మోర్లీ ఆశించిన ఈథర్ గాలి (కాంతిని మోస్తుందని అప్పట్లో భావించిన ఈథర్ అనే మాధ్యమంలో భూమి కదలడం వల్ల ఎదురవ్వాల్సిన ప్రవాహం) జాడ దొరకకపోవడం వరకు పాఠం తొందరపడకుండా సాగుతుంది. 1905లో ఐన్‌స్టీన్ ఈథర్ అవసరమే లేకుండా చేశారని విడమరచి చెప్పడం నాకు నచ్చింది.

అయితే విశ్వ నేపథ్య వికిరణం (మహావిస్ఫోటం తర్వాత మిగిలి, విశ్వమంతా నిండి ఉన్న మైక్రోతరంగ వికిరణం) దగ్గర బోధకులు తడబడ్డారు. దానితో పోలిస్తే సూర్యుడు సెకనుకు దాదాపు 370 కిలోమీటర్ల వేగంతో కదులుతున్న మాట నిజమే గానీ, అంతమాత్రాన సాపేక్షతా సూత్రం వీగిపోయిందని వారు చెప్పడం సరికాదు. లెక్కలకు అనువైన నిర్దేశ చట్రం (కదలికను దేనితో పోల్చి కొలుస్తామో ఆ ఆధారం) వేరు, భౌతిక నియమాలే ప్రత్యేకంగా ఎంచుకున్న చట్రం వేరు. అభ్యాస ప్రశ్నలు మరీ తేలిక.