నీడచెట్టు పేరుతో పూలపొద: దోసకాయ మాగ్నోలియా కొనేవారికి హెచ్చరిక

నీడ కోసం దోసకాయ మాగ్నోలియా మొక్కను కొనదలచినవారు, కొమ్మకు వేలాడే చీటీని మాత్రమే నమ్మి డబ్బు చెల్లించవద్దని మనవి. నేను అలాగే నమ్మాను. చలికాలంలో ఒక్క ఆకైనా లేని అంటుమొక్కను, దోసకాయ మాగ్నోలియా శాస్త్రీయ నామమైన ‘మాగ్నోలియా అక్యుమినాటా’ ఉన్న చీటీ చూసి కొని, సాయంత్రపు ఎండ గోడ మీద పడకుండా అడ్డు నిలుస్తుందన్న ఆశతో ఇంటికి పడమటి వైపున నాటాను. ఐదో ఏట, ఆకు తొడగకముందే కొమ్మల నిండా గులాబీరంగు పూలు విరిశాయి. చూసినవారందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం నేను కోరిన చెట్టు అది కాదని ఆనాడే తెలిసింది.

అసలైన దోసకాయ మాగ్నోలియా అలా పూయదు. ఆకులతోపాటుగానో, ఆకులు విచ్చుకున్న తరువాతనో, పసుపు కలిసిన ఆకుపచ్చ పూలు ఎత్తైన కొమ్మల్లో పూస్తాయి. ఆకుల్లో కలిసిపోవడం వల్ల చాలామంది వాటిని గమనించరు కూడా. తూర్పు ఉత్తర అమెరికా అడవులకు చెందిన ఈ చెట్టు ఒకే నిటారు కాండంతో 20 మీటర్లు దాటి పెరుగుతుంది. పచ్చికాయ చిన్న దోసకాయను పోలి ఉండడం వల్లనే ఆ పేరు వచ్చింది. నాకు అంటగట్టినది సూలాంజియానా, అంటే 1820లో పారిస్ సమీపంలో ఎతియెన్ సూలాంజ్-బోదాఁ రెండు మాగ్నోలియా జాతులను కలిపి సృష్టించిన సంకరం. అది అందమైన మొక్కే, కాదనను. కానీ నేల దగ్గరి నుంచే పలు కొమ్మలుగా చీలి గుబురుగా పెరిగే ఆ మొక్క ఇంటికి నీడనివ్వదు.

ఇందులో అసలు నష్టం డబ్బు కాదు. మాగ్నోలియా వేర్లు కండగలవి, పెళుసైనవి. నేల పైపొరలోనే దూరంగా పాకుతాయి. ఒకసారి కుదురుకున్న మొక్కను పెకలించి మరోచోట నాటితే తట్టుకోవడం కష్టం. అందుచేత పొరపాటు బయటపడేసరికి దాన్ని దిద్దుకునే దారి దాదాపు మూసుకుపోతుంది. అమ్మినవారు చీటీలు తారుమారయ్యాయని ఒప్పుకుని మరో మొక్క ఇస్తామన్నారు. పోయిన ఐదేళ్లను ఎవరివ్వగలరు?

కాబట్టి మొక్కను ఆకులున్న కాలంలోనే చూడండి. దోసకాయ మాగ్నోలియా ఆకు మధ్యభాగంలోనో, అంతకు కాస్త కిందనో వెడల్పుగా ఉండి, క్రమంగా సన్నబడుతూ మొనదేలుతుంది. సూలాంజియానా ఆకు కొన వైపు వెడల్పై, తొడిమ వైపు సన్నబడి, చివర చిన్న మొనతో ఉంటుంది. కొమ్మ చుట్టూ ఉంగరంలా కనిపించే గీతను చూపి ‘ఇదే గుర్తు’ అని ఎవరైనా చెబితే తృప్తి పడవద్దు. మాగ్నోలియాలన్నిటికీ, మన సంపంగికి సైతం, ఆ గీత ఉంటుంది. గాడులు పడిన బెరడు ఈ చెట్టుకు మంచి గుర్తే గాని, అది ముదిరిన తరువాత ఏర్పడేది. లేతమొక్క బెరడు నునుపుగానే ఉంటుంది. చలికాలంలోనే కొనక తప్పకపోతే, కొమ్మ చివర లావుపాటి మొగ్గలున్న మొక్కను వదిలేయండి. అవి ఆకులకన్నా ముందు పూసే రకాల పూమొగ్గలు కావచ్చు.

అంటుమొక్క అయితే అతుకును కూడా పరిశీలించండి. అతుకు కింది నుంచి లేచే పిలకలు, అంటుకు వేర్లుగా వాడిన కింది మొక్కవి. వాటిని తీయకుండా వదిలేస్తే అవే బలిసి, మీరు కోరిన రకాన్ని అణచివేస్తాయి. కుండీలో వేర్లు చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ మొక్క వద్దు. మంచి మొక్క దొరికితే, నీరు నిలవని, తేమ ఆరిపోని, కొద్దిగా ఆమ్లగుణం గల నేలలో, భవనానికి తగినంత దూరంగా నాటండి. కాండానికి తగలకుండా పాదులో ఎండుటాకులు పరిచి, మొదటి కొన్నేళ్లు పాదు చుట్టూ లోతుగా తవ్వకుండా చూడండి.

డబ్బు చెల్లించే ముందు రసీదు మీద శాస్త్రీయ నామం పూర్తిగా రాయించుకోండి. నా రసీదు మీద ‘మాగ్నోలియా, 1’ అని మాత్రమే ఉంది.