హైదరాబాదా, బెంగళూరా, ముంబైయా: సిక్కోలు, విజయనగరం వాళ్లకు ఏ ఊరి కాన్సర్ట్ మేలు?

విదేశీ సింగర్ ఎవరైనా ఇండియా టూర్ ప్రకటించారంటే చాలు, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచీ అదే ప్రశ్న మొదలవుతుంది. నాలుగు ఊళ్లలో పాడుతుంటే మనం ఏ ఊరికి బుక్ చేసుకోవాలి? 2025 మొదట్లో ఎడ్ షీరన్ టూర్‌తో ఈ ప్రశ్న బాగా ముదిరింది. జనవరి 30న పుణె, ఫిబ్రవరి 2న హైదరాబాద్, 5న చెన్నై, 8, 9 తేదీల్లో బెంగళూరు, 12న షిల్లాంగ్, 15న గురుగ్రామ్. కొన్నేళ్ల కిందట చాలా టూర్లకు ఇంత వెసులుబాటు లేదు. 2017లో జస్టిన్ బీబర్ వచ్చినా, 2019లో యూ2 బ్యాండ్ వచ్చినా నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియం ఒక్కటే దిక్కు. అందుకే ఎడ్ షీరన్ టూర్‌నే నమూనాగా పెట్టుకుని చూద్దాం.

మనవాళ్లు వేసే లెక్కలు రెండే: కిలోమీటర్లు, చుట్టాలిల్లు. "కూకట్‌పల్లిలో పిన్ని వాళ్లున్నారు కదా, హైదరాబాదే పోదాం" అంటారు. నా దృష్టిలో ఈ రెండూ తర్వాతి సంగతులు. ముందు చూడాల్సింది రాత్రి పది గంటలకు గ్రౌండ్ గేటు బయట మన పరిస్థితి ఏమిటన్నది. మన దేశంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ల మీద నిషేధం ఉంది. అందుకే పెద్ద షోలన్నీ దాదాపు పదికల్లా ముగిసిపోతాయి. పాట ఆగిన ఐదు నిమిషాల్లో వేలమంది ఒకేసారి రోడ్డు మీద పడతారు. ఫోన్లలో నెట్ ఉండదు, క్యాబ్ యాప్ తిరుగుతూనే ఉంటుంది, దొరికిన డ్రైవర్ పార్కింగ్ జామ్ దాటి లోపలికి రాలేడు. వెళ్లేటప్పుడు ఎలాగైనా వెళ్తాం, పగలు, హుషారుగా. కష్టమంతా తిరుగు ప్రయాణంలోనే.

ముందు హైదరాబాద్. ఎడ్ షీరన్ షో జరిగింది రామోజీ ఫిల్మ్ సిటీలో. హైదరాబాద్ వాళ్లకు అది ఊరవతల. మెట్రో ఎల్బీ నగర్‌తోనే ఆగిపోతుంది, ఆ పైన ఇరవై కిలోమీటర్లకు పైగా రోడ్డే గతి. కూకట్‌పల్లి పిన్ని గారింటికి రాత్రి పదిన్నరకు బయలుదేరితే ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి పోవాలి. కానీ మనకు అదే చోటు కలిసొస్తుంది, ఎందుకంటే అది విజయవాడ హైవే మీద ఉంది. మన వైపు వచ్చే బస్సులన్నీ సాయంత్రం మియాపూర్, కూకట్‌పల్లిలో బయలుదేరి ఊరంతా తిరిగి ఎల్బీ నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట మీదుగా ఆ గేటు ముందు నుంచే వెళ్తాయి. అంటే షో అయ్యాక ఊళ్లోకి వెనక్కి పోనక్కర్లేదు.

దీన్ని సరిగ్గా వాడుకోవాలంటే కొన్ని జాగ్రత్తలు. బస్సు బుక్ చేసేటప్పుడు బోర్డింగ్ పాయింట్ హయత్‌నగర్ గానీ పెద్ద అంబర్‌పేట ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) గానీ పెట్టుకోండి. ఫిల్మ్ సిటీ గేటు దగ్గరే ఎక్కుతామంటే కుదరదు. ఆ రాత్రి పోలీసులు అక్కడ బస్సు ఆపనివ్వరు, జామ్‌లో డ్రైవరూ ఆపడు. షో ముగిసే టైముకీ బస్సు టైముకీ మధ్య కనీసం గంటన్నర ఉండాలి, అంటే పదకొండున్నర దాటాక ఎక్కే బస్సు చూడాలి. ఆ వేళకు శ్రీకాకుళం, టెక్కలి, పలాస డైరెక్ట్ బస్సులు చాలావరకు దాటిపోయి ఉంటాయి. దొరకకపోతే విజయవాడ బస్సు ఎక్కేయండి, ఆ రూట్లో రాత్రంతా బస్సులే. నాలుగైదు గంటల్లో విజయవాడ. అక్కడ ఉదయం ఆరు దాటాక రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఉంది, మధ్యాహ్నానికి విశాఖ చేరుస్తుంది. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి మన బస్సులకు కొదవ లేదు. ఆదివారం రాత్రి షో చూసి సోమవారం సాయంత్రం లోపు ఇంట్లో ఉండొచ్చు.

సామాను సంగతి మర్చిపోయేవాళ్లే ఎక్కువ. చాలా షోలకు పెద్ద బ్యాగు, పవర్ బ్యాంకు, నీళ్ల సీసా లోపలికి రానివ్వరు. గేటు దగ్గర క్లోక్‌రూమ్ ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. పొద్దున్న సికింద్రాబాద్‌లో దిగగానే హయత్‌నగర్ వైపు చిన్న లాడ్జిలో గది తీసుకోండి. స్నానం, నిద్ర అక్కడే, బ్యాగూ అక్కడే. రాత్రి వెనక్కి వచ్చి బ్యాగు తీసుకుని అక్కడే బస్సెక్కడం. బస్సు టికెట్, కాన్సర్ట్ టికెట్, డ్రైవర్ నంబరు ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఆ గుంపులో యాప్ తెరుచుకోదు.

ఇదంతా తూర్పు వైపు గ్రౌండ్‌కే వర్తిస్తుంది. షో గచ్చిబౌలి, మాదాపూర్ వైపు పెడితే లెక్క తిరగబడుతుంది. అప్పుడు పది దాటగానే రాయదుర్గం మెట్రో పట్టుకుని సికింద్రాబాద్ దగ్గర్లో పడుకుని, తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరే విశాఖ వందేభారత్ ఎక్కడం మేలు. ఆ రాత్రే బస్సెక్కాలని పంతం పడితే ఎల్బీ నగర్ దాకా ఉరుకులే.

బెంగళూరుకు వద్దాం. గ్రౌండ్ వరకే చూస్తే హైదరాబాద్ కంటే ఇదే నయం. ఎడ్ షీరన్ పాడిన నైస్ గ్రౌండ్స్ ఉన్నది తుమకూరు రోడ్డు మీద మాదావరలో. 2024 నవంబరులో గ్రీన్ లైన్ మెట్రో అక్కడిదాకా పొడిగించారు. అదే లైను మెజెస్టిక్ (బెంగళూరు ప్రధాన రైల్వే స్టేషన్ ఉన్న చోటు) మీదుగా పోతుంది కాబట్టి రైలు దిగి, మెట్రో మారకుండా గ్రౌండ్‌కి, మళ్లీ అలాగే వెనక్కి. లాడ్జి మెజెస్టిక్ చుట్టుపక్కల తీసుకుంటే చాలు. ఒక్క చిక్కు: చివరి మెట్రో పదకొండు ప్రాంతంలో ఉంటుంది. టికెట్ కౌంటర్ దగ్గర క్యూ గేటు బయటికి వస్తుంది. వెళ్లేటప్పుడే కార్డులో డబ్బులు వేసుకుని ఉంచుకోవాలి.

మరి ఎందుకు బెంగళూరును ముందు పెట్టడం లేదంటే, రైలు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ మన స్టేషన్లలో ఆగుతుంది, దిగనవసరం లేకుండా తీసుకెళ్తుంది, కానీ పోవడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు పూర్తిగా పోతాయి. షో రోజు కలిపితే మూడు నాలుగు రోజుల సెలవు. విమానంలో వెళ్దామంటే విశాఖ నుంచి రెండు గంటల లోపే, అయితే దిగేది దేవనహళ్లి ఎయిర్‌పోర్టులో, అక్కడి నుంచి మాదావర మళ్లీ ఓ పెద్ద ప్రయాణం. నలుగురు స్నేహితులు కలిసి విమానానికి పెట్టుకోగలిగితే, షో శనివారం పడితే, బెంగళూరుకు నా ఓటు. లేకపోతే లేదు. "మన పాట వినాలంటే హైదరాబాదే పోవాలి" అనేవాళ్లకు ఒక మాట: ఎడ్ షీరన్ శిల్పారావుతో కలిసి తెలుగు పాట పాడింది బెంగళూరు వేదిక మీదే!

ముంబై మిగతా రెండింటిలాంటిది కాదు. అక్కడికి తప్ప ఇంకెక్కడికీ రాని టూర్లు ఉంటాయి కాబట్టి కొన్నిసార్లు ఎంచుకునే అవకాశమే ఉండదు. గ్రౌండ్ పేరు చూసి నిర్ణయించుకోండి. డీవై పాటిల్ అయితే నెరుల్ స్టేషన్, నడిచి వెళ్లేంత దూరం. దువా లీపా 2024 నవంబరు 30న పాడింది బీకేసీ (బాంద్రా కుర్లా కాంప్లెక్స్)లోని ఎంఎంఆర్‌డీఏ గ్రౌండ్స్‌లో. ఆ డిసెంబరులోనే మరూన్ 5 పాడింది మహాలక్ష్మి రేస్‌కోర్స్‌లో, దానికి స్టేషన్ పక్కనే. ఎక్కడైనా లోకల్ రైలు అందుతుంది, అర్ధరాత్రి దాకా నడుస్తుంది. రాత్రి తిరుగు ప్రయాణానికి ఇంత భరోసా ఇంకే ఊళ్లోనూ లేదు.

కోణార్క్ ఎక్స్‌ప్రెస్ మనకు డైరెక్ట్. డీవై పాటిల్‌కి వెళ్లేవాళ్లు దాదర్ దాకా పోనక్కర్లేదు. కళ్యాణ్‌లో దిగి, లోకల్‌లో ఠాణే, అక్కడి నుంచి ట్రాన్స్ హార్బర్ లైనులో నేరుగా నెరుల్. ఒంటరిగా మొదటిసారి వెళ్లేవాళ్లూ తడబడని దారి ఇది. అయితే రైల్లో ఒకటిన్నర రోజు దాకా పడుతుంది. ఆలస్యాన్ని కూడా కలుపుకుని షోకి ముందు రోజు చేరేలా బయలుదేరాలి, అదే రోజు చేరే రైలు పెట్టుకుంటే గుండె చేతిలో పట్టుకుని కూర్చోవాల్సిందే.

స్టేడియంలో ఇంకో లాభం, మెట్ల సీట్లు. నైస్ గ్రౌండ్స్, రామోజీ లాంటి చదును నేల మీద వెనక నిలబడితే పొట్టివాళ్లకు ముందున్నవాళ్ల వీపులు, ఎత్తిపట్టిన ఫోన్లే కనిపిస్తాయి. అక్కడ చౌక టికెట్ కొన్నా మధ్యలో సౌండ్ ఇంజినీర్ల గుడారం ఎక్కడుందో చూసుకుని, మీ ఎన్‌క్లోజర్ కుదిరితే దానికి దగ్గరగా నిలబడండి. ఇంజినీర్ వింటూ సరిచేసేది ఆ చోటి నుంచే, శబ్దం అక్కడే సమంగా ఉంటుంది. గుడారం చుట్టూ కట్టిన కంచె ఆనుకోవడానికీ పనికొస్తుంది.

ఇక చిల్లర పోటీదారులు. చెన్నైకి హౌరా మెయిల్ ఉంది, ఎడ్ షీరన్ పాడిన వైఎంసీఏ గ్రౌండ్ పక్కనే నందనం మెట్రో ఉంది. నా కొలతలో మంచి మార్కులే, కానీ ఆ షో పడింది బుధవారం. అహ్మదాబాద్‌లో కోల్డ్‌ప్లే 2025 జనవరి 25, 26న పాడింది, పూరీ–అహ్మదాబాద్ రైలు విజయనగరం మీదుగానే పోతుంది, రోజూ ఉండదు. షిల్లాంగ్ విహారయాత్ర, కాన్సర్ట్ ప్రయాణం కాదు. కోల్‌కతాను మాత్రం ఎవరూ పట్టించుకోరు. పలాస, ఇచ్ఛాపురం, ఆమదాలవలస వాళ్లకు రైల్లో సికింద్రాబాద్ కంటే హౌరాయే దగ్గర. విజయనగరం వచ్చేసరికి ఆ లెక్క మారుతుంది. బ్రయాన్ ఆడమ్స్ 2024 డిసెంబరు 8న, ఆదివారం, కోల్‌కతాలో పాడాడు. హైదరాబాద్ షో 16న, సోమవారం.

సింగపూర్ గురించి అడిగేవాళ్లు పెరిగారు, 2024 మార్చిలో టేలర్ స్విఫ్ట్ అక్కడ ఆరు రాత్రులు పాడిన దగ్గర్నుంచీ. ఆ టూర్ ఇండియాకు రాలేదు. విశాఖ నుంచి స్కూట్ ఎయిర్‌లైన్స్ డైరెక్ట్ విమానం, నాలుగు గంటలు. నేషనల్ స్టేడియానికి సొంత మెట్రో స్టేషనే ఉంది. వీసా ఏజెంట్ ద్వారా తీసుకోవాలి, ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఏజెంట్ ఛార్జీ అదనం. ఎరైవల్ కార్డు ప్రయాణానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, అది ఉచితం, డబ్బులడిగే సైటు కనిపిస్తే మూసేయండి. టికెట్లు కొనే కార్డుకు విదేశీ లావాదేవీలు ముందే ఆన్ చేయించుకోవాలి, లేకపోతే క్యూలో మీ వంతు వచ్చాక పేమెంట్ ఫెయిలవుతుంది. ముంబైలో లాంజ్ టికెట్ కొనే స్తోమత ఉన్నవాళ్లు (కోల్డ్‌ప్లేకి అది 35,000) సింగపూర్ లెక్క కూడా ఒకసారి వేసి చూడొచ్చు. 2,500 టికెట్ కోసం చూసేవాళ్లకు ఆ లెక్కే అనవసరం.

ఊరు ఏదైనా రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటుంది, కాన్సర్ట్ టికెట్లేమో నెలల ముందే అమ్ముడుపోతాయి. కోల్డ్‌ప్లే 2025 జనవరి ముంబై షోల టికెట్లు 2024 సెప్టెంబరు 22నే అమ్మారు. కాబట్టి రైలు తెరిచే తేదీని క్యాలెండర్‌లో రాసుకుని ఉదయం ఎనిమిదింటికి కూర్చోవాలి. మన స్టేషన్ల నుంచి వెయిటింగ్ చూపిస్తుంటే ప్రశాంతి, కోణార్క్, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లకు భువనేశ్వర్ నుంచి టికెట్ తీసి బోర్డింగ్ పాయింట్ శ్రీకాకుళం రోడ్ గానీ విజయనగరం గానీ పెట్టుకోండి. కాస్త ఎక్కువ పడినా మొదటి స్టేషన్ కోటాలో బెర్తు దొరికే అవకాశం ఎక్కువ. బోర్డింగ్ మార్చడం మర్చిపోతే మీ బెర్తు టీటీఈ ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

జనవరి షో అయితే సంక్రాంతిని చూసుకోవాలి. 2025లో కోల్డ్‌ప్లే డీవై పాటిల్ షోలు జనవరి 18, 19, 21. కనుమ 15. పండక్కి సిక్కోలు వచ్చిన వలసజనమంతా హైదరాబాద్, విజయవాడ తిరిగి వెళ్లేది సరిగ్గా ఆ మూడు నాలుగు రోజుల్లోనే. మన నుంచి పోయే ప్రతి రైలూ కిక్కిరిసిపోతుంది, తత్కాల్ కూడా నిమిషంలో అయిపోతుంది. అదే వారంలో ఇటు వచ్చే రైళ్లలో బెర్తులు తేలిగ్గా దొరుకుతాయి. అలాంటప్పుడు పోవడానికి విశాఖ నుంచి విమానం, రావడానికి కోణార్క్ స్లీపర్ పెట్టుకోండి.