పాటల పెన్‌డ్రైవ్: ఏళ్ల వాడకం తర్వాత నా మాట

పెన్‌డ్రైవ్‌కి కూడా సమీక్షా అని నవ్వకండి. ఇయర్‌బడ్స్ వారం వాడి సమీక్ష రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. కారు స్టీరియోకీ, వంటింటి స్పీకర్‌కీ, ఊళ్లో నాన్నగారి రేడియోకీ మధ్య ఏళ్ల తరబడి తిరుగుతున్న 32 జీబీ పెన్‌డ్రైవ్ గురించి మాత్రం ఎవరూ రాయరు. నెలనెలా చందా కట్టే పాటల యాప్ కూడా నా ఫోన్‌లో ఉంది. రెండూ వాడుతున్నాను కాబట్టి దేని సంగతేమిటో చెప్పగలను.

తీర్పు ముందే చెప్పేస్తాను. పదే పదే వినే పాట ఫైలు రూపంలో మన దగ్గర ఉండాల్సిందే. మిగతావాటికి యాప్ చాలు.

యాప్ సత్తా ఏంటో తెలియాలంటే శ్రీశైలం బయల్దేరాలి. హైదరాబాద్ నుంచి వెళ్తూ మన్ననూర్ చెక్‌పోస్టు దాటితే ఇక నల్లమల అడవే. సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పల్లవి పూర్తయి చరణం అందుకునేసరికి స్క్రీన్ మీద గుండ్రం తిరగడం మొదలుపెడుతుంది. పిల్లలు వెనక సీట్లోంచి "నాన్నా, పాట" అని ఒకటే గోల. పెన్‌డ్రైవ్‌కి ఈ టెన్షన్ లేదు.

"యాప్‌లోనూ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు కదా" అంటారు. చేసుకోవచ్చు. కానీ అలా దిగింది మనం ఇంకో చోటికి తీసుకెళ్లగలిగే ఫైలు కాదు. తాళం వేసి ఆ యాప్ లోపలే పెడతారు. కారులో పెట్టలేం, నాన్నగారి రేడియోలో అసలే పెట్టలేం. స్పాటిఫైలో అయితే కనీసం 30 రోజులకోసారి నెట్‌కి కనెక్ట్ కాకపోతే డౌన్‌లోడ్ చేసిన పాటలు పలకవు. చందా ఆగితే అవీ పోతాయి. అద్దె ఇంట్లో మేకు కొట్టాలన్నా ఓనర్ని అడిగినట్టే ఉంటుంది వ్యవహారం.

అద్దె కట్టినా సరుకు ఉంటుందన్న గ్యారంటీ లేదు. 2023 మార్చిలో స్పాటిఫైకీ పాటల కంపెనీ జీ మ్యూజిక్‌కీ లైసెన్సు ఒప్పందం కుదరక కొన్నాళ్లపాటు ఎన్నో హిందీ పాటలు మాయమయ్యాయి. చందా కట్టినవాళ్లకీ, కట్టనివాళ్లకీ ఒకటే గతి. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020 చివర్లో మూతపడింది. ఎయిర్‌టెల్ వాళ్ల వింక్ 2024లో మూతపడింది. వాళ్ల వ్యాపారం వాళ్లిష్టం, కాదనను. ఏళ్లు కూర్చుని ఒక్కో పాటా ఏరుకున్న ప్లేలిస్టు మాత్రం మనదే కదా.

ఇక్కడ ఫ్లైట్ సంగతి చెప్పాలి. విమానం కాదు, ఫ్లిప్‌కార్ట్ 2012లో పెట్టిన పాటల దుకాణం. ఒక్కో పాటా కొనుక్కుని ఎంపీ3గా దింపుకోవచ్చు, తాళం గీళం ఏమీ లేదు. ఏడాదిన్నర కూడా నడవలేదు, 2013లో మూసేశారు. ఊరికే దొరుకుతుంటే డబ్బు పెట్టి ఎవరు కొంటారు? కానీ అక్కడ నేను కొన్న ఆల్బమ్‌లు ఇప్పటికీ కారులో మోగుతూనే ఉన్నాయి. దుకాణం ఎత్తేశారు, సరుకు నా దగ్గరే ఉంది. ఆ తర్వాత వచ్చిన ఏ చందా గురించీ ఈ మాట అనలేను.

మిగతా పాటలు చాలావరకు నా సీడీల నుంచి కంప్యూటర్లోకి ఎక్కించినవే. ఊరికే దింపుకున్న పాటల్ని ఇట్టే పట్టేయొచ్చు. మా బావమరిది పెన్‌డ్రైవ్ పెడితే స్టీరియో మీద గాయకుడి పేరుండాల్సిన చోట ఏదో వెబ్‌సైటు పేరు వస్తుంది. సంగీత దర్శకుడి పేరు చూద్దామంటే అక్కడా ఆ వెబ్‌సైటే. బొమ్మ చూద్దామంటే అందులోనూ అదే. ఇన్ని వందల పాటలకు అంత ఓపిగ్గా తన పేరు కొట్టుకున్నవాడికి రాసినవాళ్ల పేరు కొట్టే తీరిక దొరకలేదు.

సొంత పాటల్లో అసలు చాకిరీ ఈ ట్యాగులదే, అంటే ఫైలు లోపల రాసి ఉండే పాట, గాయకుడి పేర్లలాంటి వివరాలదే. ఎంపీ3ట్యాగ్ అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది, విండోస్‌లో బాగా పనిచేస్తుంది. ఇళయరాజా పేరే తీసుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక సీడీ మీద ఒకలా ఉంటుంది, ఇంకో సీడీ మీద ఇంకోలా ఉంటుంది. అన్నీ ఒకలా మార్చకపోతే స్టీరియో ఆయన్ని నలుగురు మనుషులుగా లెక్కేస్తుంది. తెలుగు అక్షరాల్లో పెడదామనుకుంటే మా స్టీరియో వరసగా డబ్బాలు చూపించింది. కొత్త స్టీరియోల్లో ఈ బాధ తగ్గిందంటున్నారు, మీది పరీక్షించి చూసుకోండి.

ఇంకో తిరకాసు. 32 జీబీ దాటిన పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో (లోపల ఫైళ్లను సర్దిపెట్టే ఒక పద్ధతి) వస్తాయి. పాత స్టీరియోలు దాన్ని చదవలేక "డివైస్ లేదు" అనేస్తాయి. అందుకే 32 జీబీ కొని ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసుకోవడం మేలు. 320 కేబీపీఎస్ నాణ్యతలో అయిదు నిమిషాల పాట సుమారు 12 ఎంబీ, అంటే రెండున్నర వేల పాటలు పడతాయి. ఇల్లంతా విన్నా మిగులుతాయి. కొన్ని స్టీరియోలు పేరు వరస చూడవు, ఏ ఫైలు ముందు కాపీ చేస్తే దాన్నే ముందు వాయిస్తాయి. వరస కావాలంటే మొత్తం తుడిచేసి, ఫోల్డర్లు ఒక్కోటీ వరసగా కాపీ చేయాలి. విసుగే, కానీ ఒక్కసారి చేస్తే చాలు.

ఇంట్లో ఈ పెన్‌డ్రైవ్‌కి అసలు అభిమాని అమ్మ. అంతకుముందు ఉచిత యాప్‌లో సుప్రభాతం పెట్టేవాళ్లం. స్వామిని లేపుతుంటే మధ్యలో "అయిదు నిమిషాల్లో పర్సనల్ లోన్" అని ఒకమ్మాయి హుషారుగా అరిచేది. అమ్మ చేతిలో హారతి, పళ్లెం పక్కన పెట్టి ఫోన్ నొక్కే వీల్లేదు. ఇప్పుడు స్పీకర్‌కి పెన్‌డ్రైవ్ తగిలించి ఉంటుంది. స్విచ్ వేస్తే చాలు, మొదటి ఫైలు అదే.

నాన్నగారి పేచీ వేరు. యాప్‌లో ఘంటసాల పాట వెతికితే ముందు ఎవరో పిల్లలు పాడిన కవర్, తర్వాత నెమ్మదిగా, మసగ్గా మార్చిన లోఫై, ఆ తర్వాత తబలా తీసేసి డ్రమ్స్ పెట్టినది. అసలుది ఎక్కడో కింద ఉంటుంది. "వీళ్లెవర్రా?" అని ఫోన్ నాకిచ్చేస్తారు. ఫోల్డర్లో ఒకటే ఉంటుంది, అదే అసలుది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కొత్త పాట ఈ పెన్‌డ్రైవ్‌లోకి తనంతట తాను రాదు. సినిమా విడుదలైన శుక్రవారం పిల్లలకు పాట కావాలంటే యాపే దిక్కు. ఆ పాటల్లో చాలావాటిని నెల తిరిగేసరికి వాళ్లే అడగడం మానేస్తారు, వాటికి అద్దె దండగేమీ కాదు. అందుకే చందా మానలేదు. పెన్‌డ్రైవ్ నమ్మకస్తురాలు కూడా కాదు. మే నెల ఎండలో అద్దాలెత్తేసిన కారులో ఉడికి ఒకటి పోయింది. అసలు కాపీ ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో, ఇంకో కాపీ తమ్ముడి దగ్గర ఉన్నాయి కాబట్టి పోయింది వస్తువే, పాటలు కాదు. ఫుట్‌పాత్ మీద చవగ్గా దొరికే వాటి జోలికి పోకండి. పైన 128 జీబీ అని ఉంటుంది, లోపల అందులో పదో వంతు కూడా ఉండదు. అది నిండాక ఎక్కించిన పాటలు పేర్లు మాత్రం చూపిస్తాయి, నొక్కితే పలకవు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో అసలు సైజు తేల్చుకోవచ్చు.

కారు మార్చే ఆలోచన ఉంటే ఒక్క జాగ్రత్త. కొన్ని కొత్త మోడళ్లలో యూఎస్‌బీ పోర్టు ఉన్నా అది ఛార్జింగ్‌కే, పాటలు చదవదు. షోరూమ్‌కి మీ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకెళ్లండి. సన్‌రూఫ్ తెరిచి చూపించే కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. అది పెట్టి పాట మోగాకే అడ్వాన్స్ కట్టండి.